ఏడో ప్యాచ్ కార్డు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు నిజంగా ఒళ్లు మండించిన మాట ఒక్కటే: "లిస్టులో ఉంది మేడమ్." యూనిక్స్ మిషన్ల కాలం వచ్చాక, రిటైరవబోయే ఏళ్లలో, నా కింద పనిచేసే పిల్లలు ఈ మాట రోజూ అనేవాళ్లు. కంపెనీవాళ్లు ఏదో లోపం కనిపెట్టి, దాన్ని సరిచేసే ప్యాచ్ ఒకటి పంపుతారు. చిరిగినచోట అతుకు వేయడమే, అంతకంటే ఏం లేదు. అది ఎక్కించారా అని అడిగితే, ఎక్కించామని రాసి ఉన్న లిస్టు తెచ్చి నా ముందు పెడతారు. లిస్టులో ఉంటుంది, నిజమే. కానీ కొన్ని ప్యాచ్‌లు మిషన్ను ఆపి మళ్లీ లేపేదాకా పనిలోకి దిగవు. అప్పటిదాకా లోపల పాతదే నడుస్తుంటుంది. "లిస్టును కాదు నాయనా, నడుస్తున్న మిషన్ను అడుగు" అనేదాన్ని. పెద్దావిడ చాదస్తం అని వాళ్లలో వాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. ఆ చాదస్తం నాకు ఎక్కడ అంటుకుందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె తేలికవుతుంది.

డెబ్బైల నాటి సంగతి. అప్పటికి మాకు యూనిక్స్ అన్న పేరే తెలియదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే దారిలో ఒక పాత మేడ. కింద ఇరానీ హోటలు, పైన మా కంప్యూటర్ సెంటర్. ఊళ్లోని ఆఫీసులవాళ్ల లెక్కలు తీసుకుని, మిషన్ మీద వేసి, జాబితాలు అచ్చుకొట్టి ఇచ్చే చిన్న సంస్థ. మిషన్ నడిపే పని నాది. స్టేషన్ వెనక సందులో మా ఇల్లు, కాబట్టి నడిచే వెళ్లేదాన్ని. ఆడపిల్ల మిషన్ నడుపుతుందంటే మా సందులో వాళ్లు రేడియోలు బాగుచేస్తుందని అనుకున్నారు. ఒకావిడ నిజంగానే పాడైన రేడియో తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి వెళ్లింది. అమ్మ కూడా తీసుకుంది.

మిషన్ గదికి ఏసీ ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే, మాతో ఏ పనీ లేనివాళ్లకు కూడా మాతో పని పడేది. దుమ్ము పడకూడదని చెప్పులు బయట విడవమనేవాళ్లం. చెప్పులు విడిచి లోపలికి వచ్చాక మనవాళ్లకు చేతులు జోడించడం ఎంతసేపు? లోపల మినుకుమినుకుమనే దీపాలు చూసి లెంపలేసుకున్నవాళ్లను కూడా చూశాను.

మా సూపర్‌వైజర్ సారు అలా నవ్వులాటకు చేతులు జోడించే రకం కాదు. ఆయనకు మిషన్ మీద నిజంగానే భక్తి. పాత హైదరాబాదు కుటుంబం. ఉర్దూలో చదువుకుని, గుమాస్తాగా చేరి, మేకులూ తీగలూ ఉండే పాత లెక్కల మిషన్ల కాలం నుంచీ ఈ పనిలోనే ఉన్నాడు. హిమాయత్‌నగర్ నుంచి రోజూ రిక్షాలో వచ్చేవాడు. నాకు పని నేర్పింది ఆయనే, కసిరి నేర్పినా, ఒక్కటి కూడా దాచుకోకుండా నేర్పాడు. దసరాకు ఆయుధపూజ అంటే ఆయనకు ముందురోజు నుంచే హడావుడి. మిషన్‌కూ, ప్రింటరుకూ, కుర్చీలకు కూడా పసుపూ కుంకుమా పెట్టేవాడు.

ఇక్కడ మిషన్ పద్ధతి కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో మిషన్‌కు ఏది చెప్పాలన్నా అట్టకార్డులకు రంధ్రాలు కొట్టి చెప్పేవాళ్లం. పోస్టుకార్డు కంటే పొడుగ్గా ఉండే కార్డులు. సాయంత్రం ఆపేస్తే మా మిషన్ తెల్లారేసరికి అన్నీ మరిచిపోయేది. అందుకని పొద్దున్నే ఒక చెక్క ట్రేలో ఉన్న కార్డులన్నీ దానితో వరసగా చదివించాలి. ముందు మిషన్ను లేపే కార్డులు, వాటి వెనక కంపెనీ అప్పుడప్పుడూ పంపిన ప్యాచ్ కార్డులు. ప్యాచ్‌లకు నంబర్లు ఉండేవి. ఏ నంబరు ఏ రోజు ట్రేలో పెట్టామో రిజిస్టర్లో రాసి సంతకం చేసేవాళ్లం. అన్నిటికంటే వెనక ఒక ఖాళీ కార్డు ఉండేది, మిగతావి నలగకుండా.

పూజనాడు సారు ఆ వెనకనున్న ఖాళీ కార్డుకే బొట్టు పెట్టేవాడు. రంధ్రాలున్న కార్డుకు తడి తగిలితే మిషన్‌లో ఇరుక్కుంటుందని ఆయనకు తెలుసు. భక్తి ఉన్నా బుద్ధి ఎక్కడికీ పోలేదు. పూజయ్యాక బొట్టు పెట్టిన కార్డును జేబురుమాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయి దేవుడి దగ్గర పెట్టుకునేవాడు. కుంకుమ అంటినదాన్ని చెత్తబుట్టలో వేస్తారా మరి? దాని స్థానంలో ఇంకో ఖాళీ కార్డు పెట్టేవాడు. ఏటా జరిగేదే. ఆ ఏడూ జరిగింది.

ఇక ఈ కథ ఎవరిదో ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. మా పంచింగ్ గదిలో కొత్తగా చేరిన అమ్మాయి. కాగితం మీది అంకెలు చూసి కార్డులకు రంధ్రాలు కొట్టే పని. నల్లగొండ వైపు పల్లె. వానలు లేక సేద్యం విడిచి వాళ్ల నాయిన పట్నం వచ్చి ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోస్తుండేవాడు. ఈ పిల్ల మెట్రిక్ చదివి, టైపు నేర్చుకుని, మా దగ్గర టెంపరరీగా చేరింది. తల ఎత్తేది కాదు, మాట్లాడేది కాదు, వేళ్లు మాత్రం ఆగేవి కావు. ఆ సీజను పని అయిపోతే పర్మనెంటు చేస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. వాళ్లింట్లో నెల జీతం అన్నమాట అంతకుముందు ఎవరూ ఎరగరు.

ఆ సీజను పని విత్తనాల గిడ్డంగుల లెక్క. యాసంగి పంటకు ఏ జిల్లా గిడ్డంగిలో పల్లీ విత్తనం ఎన్ని బస్తాలుందో వారం వారం జాబితా ఇవ్వాలి. వచ్చిన బస్తాలకు మామూలు కార్డు. రైతులకు ఇచ్చేసిన బస్తాలైతే అంకె మీద ఇంకో రంధ్రం కొట్టాలి. అది మైనస్ గుర్తు. ఆ రంధ్రం లేదంటే పోయిన బస్తాలు వచ్చిన బస్తాలవుతాయి.

దసరా వెళ్లి ఆ పని మొదలుపెట్టాక అదే జరిగింది. ఖాళీ అయిన గిడ్డంగి మా జాబితాలో నిండుగా కనబడింది. అక్కడ విత్తనం ఉందనుకుని పైవాళ్లు లారీ పంపలేదు, అక్కడ రైతులు వచ్చి కూర్చున్నారు. అన్ని గిడ్డంగులకూ కాదు, ఇక్కడొకటీ అక్కడొకటీ. ఫోన్లు వచ్చాయి. మేనేజరు ముఖం కందగడ్డ అయింది. మిషన్ తప్పు చేస్తే అంతా తప్పే చేస్తుంది గానీ ఒకటి తప్పు, పది ఒప్పు చేయదు, ఇది మనిషి పనే అని తేల్చేశాడు. ఆ కార్డులు కొట్టిన మనిషి ఈ అమ్మాయి.

సారు ఆమెను పిలిచాడు. "ఏం బిడ్డా, మైనస్ కొట్టుడు మర్చినవా?" అని మెల్లగానే అడిగాడు.

"లే సార్. కొట్టిన. జూడుండ్రి" అని ఆమె పరుగున వెళ్లి ఆ కార్డులే పట్టుకొచ్చింది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాం. రంధ్రాలు ఉన్నాయి. నేను హమ్మయ్య అనుకున్నాను. తొందరపడ్డాను.

మేనేజరు వాటిని చూసి నవ్వాడు. "తప్పు బయటపడ్డాక మళ్లీ కొట్టి పెట్టింది. పంచింగ్ మిషన్ ఆమె దగ్గరే ఉండె గదా?" అన్నాడు. మామూలుగానైతే కొట్టిన కార్డులను ఇంకొకరు వెరిఫయర్ మిషన్ మీద సరిచూడాలి. ఆ మిషన్ పాడై వానాకాలం నుంచీ మూల కూర్చుంది. కాబట్టి ఆమెకు సాక్షి లేదు. మొదట మతిమరుపు అన్నది ఇప్పుడు అబద్ధం, మోసం అయింది. కార్డులను సాక్ష్యమని తన అల్మారాలో పెట్టి తాళం వేసుకుని, వారం చివర ఆమెను తీసేస్తూ కాగితం ఇస్తానన్నాడు.

అబద్ధమాడిందన్న మాట ఆ పిల్లకు ఎలా తగిలిందో నేను చూశాను. ఏడవలేదు. "ఉద్యోగం పోతే పాయె అక్కా. దొంగ అని పంపుతున్నరు గదా" అంది నాతో.

మర్నాడు ఆమె నాయిన వచ్చాడు. ఎవరు చెప్పారో ఏమో. మిషన్ గది గుమ్మం బయట చెప్పుల పక్కన, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. జుట్టులో గోనెపీచు ఇంకా ఉంది. సారు కనబడగానే రెండు చేతులూ జోడించి వంగాడు.

"ఈ ఒక్కపారి మాఫ్ జెయ్యుండ్రి సార్. చిన్నపోరి."

వెనక నుంచి ఆ అమ్మాయి వచ్చింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

"నువ్వు దండం ఎందుకు పెడ్తవ్ నాయినా? నేను తప్పు జెయ్యలే. చేతులు దించు."

ఆయన దించలేదు. సారు "పో అన్నా, పో, జూస్తా" అని ముఖం తిప్పుకుని లోపలికి వచ్చేశాడు. ఆయనకూ బాధగానే ఉంది. కానీ ఆయన దృష్టిలో మిషన్ అబద్ధమాడదు. మిగిలింది ఈ పిల్లే.

ఆ మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక కంపెనీ పంపిన ప్యాచ్‌ల కాగితాల కట్ట తీసి చదవడం మొదలుపెట్టాను. ప్రతి ప్యాచ్ కార్డుతో పాటు, అది ఏ రోగానికి మందో ఒక కాగితం వచ్చేది. ఎవరూ చదివేవాళ్లు కాదు, నాతో సహా. అన్నిటికంటే కొత్తది ఏడో నంబరు. దసరాకు కొద్దిరోజుల ముందే వచ్చింది. అందులో ఏముందంటే, ఒక పక్క ప్రింటరు నడుస్తుండగా మిషన్ కార్డులు చదివితే, కార్డు మీది మైనస్ గుర్తు ఒక్కోసారి జారిపోవచ్చు, దానికి ఇది దిద్దుబాటు అని.

కాగితం పట్టుకుని సారు దగ్గరికి ఉరికాను. "సార్, ఇగో, మన రోగం గిదే!"

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. తర్వాత లేచి రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచాడు. ఏడో నంబరు పెట్టినట్టు రాసి ఉంది, కింద బొంబాయి నుంచి వచ్చిన కంపెనీ ఇంజనీరు సంతకమూ, పక్కన సారు సంతకమూ ఉన్నాయి. "నా ముంగటనే పెట్టిండు అమ్మా. దవా ఇచ్చినంక బీమారీ ఏడుంటది? నీకు ఆ పిల్ల మీద రహం ఉన్నది, నాకు లేదా? గని రహం వేరు, లెక్క వేరు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఇంకా మండింది. నా కుర్చీకి తిరిగొచ్చి మిషన్ వంక కోపంగా చూస్తూ కూర్చున్నాను. మందు ఇచ్చామని రాసుకున్నాం, సరే. రోగిని ఎవరైనా అడిగారా?

అడిగే పద్ధతి ఉంది. మా మిషన్ ముందు భాగంలో స్విచ్చుల వరస ఒకటి, దాని మీద చిన్న దీపాల వరస ఒకటి ఉండేవి. మిషన్ జ్ఞాపకంలో ఏ చోటు చూడాలో స్విచ్చులతో చెబితే, అక్కడ ఏముందో దీపాలు వెలిగి చూపేవి. ప్రతి ప్యాచ్ కాగితం మీదా ఫలానా చోట పాతది ఇలా ఉంటుంది, ప్యాచ్ ఎక్కాక ఇలా ఉండాలి అని దీపాల లెక్క వేసి ఉంటుంది. బాగుచేయడానికి వచ్చే ఇంజనీర్లు తప్ప ఆ స్విచ్చులు ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. నేను ముట్టుకున్నాను.

ఒకటో నంబరు ప్యాచ్‌తో మొదలుపెట్టాను. కాగితం మీద ఉన్నట్టే దీపాలు వెలిగాయి. రెండోదీ అంతే. అలా ఆరోదాకా వచ్చేసరికి నా ధైర్యం సగం అయింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అనవసరంగా సారును విసిగించానేమో అనిపించింది. ఏడో దాని చోటు స్విచ్చుల మీద పెట్టి మీట నొక్కాను.

వెలగాల్సిన దీపం వెలగలేదు. కాగితంతో పోల్చి చూశాను. అక్కడ ఉన్నది పాతదే. మళ్లీ నొక్కాను, మళ్లీ పాతదే. ఆ మిషన్‌లో ఏడో ప్యాచ్ లేదు!

"సార్!" అని నేను అరిచిన అరుపుకు ఆయన ఏ షాకో కొట్టిందనుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు ఎలాగూ లేవులెండి. దీపాలు చూపించాను, కాగితం చూపించాను. ఆయన తనే మీట నొక్కి చూసుకున్నాడు. తర్వాత ఇద్దరం ట్రే తీసి ప్యాచ్ కార్డులు ఒక్కొక్కటే బల్ల మీద పరిచాం. ఆరో నంబరు ఉంది. దాని తర్వాత ఖాళీ కార్డు. దాని పక్కన ఇంకో ఖాళీ కార్డు.

వెనక ఒకటి ఉండాల్సిన ఖాళీ కార్డు రెండెందుకయ్యాయి? నాకు వెంటనే తట్టలేదు. సారు మాత్రం ఆ రెండు కార్డుల వంక చాలాసేపు చూశాడు. "ఆ బొంబాయాయన..." అని ఆగాడు. "రైలుకు టైమైందని ఉరుకుతుండె. ఏడో కార్డు ఖాళీ కార్డుకు ముంగట గాదు, ఎన్క పెట్టిండు. అన్నిటికన్న ఎన్క."

అప్పుడు నాకూ తట్టింది. దసరానాడు అన్నిటికంటే వెనక ఉన్న కార్డు ఏదో, దానికి ఏం జరిగిందో, అది ఎవరి జేబురుమాలులో వెళ్లిందో.

"నాతోని రా అమ్మా" అన్నాడు సారు.

కింద రిక్షా ఎక్కాం. బషీర్‌బాగ్ దాటి హిమాయత్‌నగర్‌లో ఆయన ఇంటి ముందు దిగాం. ఇంట్లో ఆయన భార్య, వేళకాని వేళ వచ్చిన మమ్మల్ని చూసి భయపడింది. "ఏమైంది? పాణం బాగలేదా?" అని అడుగుతుండగానే ఆయన కాళ్లు కడుక్కుని పూజగూడు ముందు కూర్చున్నాడు. దేవుడి పటాల వెనక ఒక వరసలో మా కార్డులు! ఏడాదికొకటి. పాతవన్నీ శుభ్రంగా, పసుపు ఎండిపోయి, ఒక్క రంధ్రం లేకుండా ఉన్నాయి. అన్నిటికీ ముందు ఈ ఏటిది. ఆయన దాన్ని తీసి దీపం ముందు పట్టుకున్నాడు. బొట్టు పక్కన, పూజ హడావుడిలో ఎవరి కంటా పడని రంధ్రాల్లోంచి వెలుగు చుక్కలుగా ఆయన చొక్కా మీద పడింది.

"అది నేను రోజూ పొద్దుగాల పువ్వు వెట్టే కార్డు గదా" అంది ఆవిడ. నాకు నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ నవ్వులో ఎంత ఊరట ఉందో చెప్పలేను. కంపెనీ పంపిన మందు మిషన్‌కు అందకుండా ఇన్నాళ్లూ పూలు పెట్టించుకుంటూ హాయిగా కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో నాకు భయం మొదలైంది. ఈయన ఏం చేస్తాడు? కార్డు గప్‌చుప్‌గా ట్రేలో పెట్టేయవచ్చు. ఇకనుంచి లెక్కలు సరిగ్గా వస్తాయి. పిల్లను ఈసారికి క్షమించామని చెప్పి ఉండనివ్వవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఆ పిల్ల మీద అబద్ధమాడిందన్న మచ్చ అలాగే ఉండిపోతుంది. నా నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"మేనేజరుకు ఏం చెప్తరు సార్?"

"ఏమైందో గదే చెప్త. ఇంకేం జెప్తరు?" అన్నాడు ఆయన, నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు. సిగ్గుతో తల పక్కకు తిప్పుకుని కోఠీ వైపు పోయే బస్సులు చూస్తూ కూర్చున్నాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ సిగ్గుపడలేదు.

పసుపు నీళ్లు తగిలి ఆ కార్డు ఉబ్బింది, మిషన్ దాన్ని మింగదు. నకలు కొట్టాలి. సారు తిన్నగా పంచింగ్ గదికి వెళ్లి కార్డు ఆ అమ్మాయి ముందు పెట్టాడు. మిగతా ఆడపిల్లలంతా చేతులు ఆపి చూస్తున్నారు.

"బిడ్డా, దీని నకలు కొట్టు. నీ లెక్క తప్పు గాలేదు. ఈ కార్డు మిషన్‌ల లేకపోవట్టి గిట్లయింది. ఇది ట్రేలకెల్లి తీస్కపోయింది నేను."

ఆమె కార్డు వంక, దాని మీది బొట్టు వంక, ఆయన వంక చూసింది. కొత్త కార్డు పెట్టి, పాతదాని రంధ్రాలు వేలితో చూసుకుంటూ కొట్టింది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క రంధ్రం కూడా తప్పలేదు. ఎలా తప్పుతుంది?

మిషన్ను ఆపి, ఏడో కార్డు సరైన చోట పెట్టి, మళ్లీ లేపాను. ఈసారి ఎవరూ చెప్పకముందే స్విచ్చులు పెట్టి మీట నొక్కాను. దీపం వెలిగింది. మేనేజరు వచ్చాక, ఆయన అల్మారాలో తాళం వేసి ఉంచిన ఆ కార్డులనే ఆయన చేతనే తెప్పించాం. సారు ముందు ఏడో ప్యాచ్ తీసేసి చదివించమన్నాడు. ప్రింటరు నడుస్తుండగా చదివిస్తే జాబితాలో అక్కడక్కడా మైనస్‌లు మాయం. ప్యాచ్ పెట్టి అవే కార్డులు మళ్లీ చదివించాను. కాగితం జరజరా బయటికి వస్తుంటే ఆ అమ్మాయి పక్కన నిలబడి, వేలు పెట్టి వరస వరసా చూసుకుంది. ఖాళీ గిడ్డంగులు ఖాళీగానే వచ్చాయి. ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. ప్రింటరు చప్పుడు అంత కమ్మగా నాకు ఇంకెప్పుడూ వినపడలేదు.

మేనేజరు గదిలో సారు చెప్పింది నేను బయట నిలబడే విన్నాను. ఎక్కడా తగ్గించలేదు, ఎక్కువా చెప్పలేదు. మేనేజరు కొంచెంసేపు అరిచాడు. ఇకనుంచి పూజ బంద్ అన్నాడు. తర్వాత, ఆ పూజకు తనూ వచ్చి కొబ్బరికాయ కొట్టిన సంగతి గుర్తొచ్చిందేమో, గొంతు తగ్గించాడు. ఆ అమ్మాయిని తీసేస్తూ రాసిన కాగితం చింపేశాడు. మరి ఆమెకు తప్పయిందని ఒక్క మాట చెప్పాడా అంటే, చెప్పలేదు. పర్మనెంటు మాత్రం చేశాడు, ఇచ్చిన మాట ప్రకారం.

నా మటుకు కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. బ్యాగు తీసుకుని ఇంటికి బయల్దేరుతుంటే సారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు, పక్కన ఆ అమ్మాయి.

"ఉస్మాన్‌గంజ్ పోవాలె. నువ్వు గుడ రా అమ్మా" అన్నాడు నాతో.

"ఎందుకు సార్? మా నాయినకు నేను జెప్పుకుంట గదా" అంది ఆమె.

"నువ్వు జెప్తె సరిపోదు బిడ్డా. ఆయన నాకు దండం పెట్టిండు. అది నా తాన ఉండొద్దు. వాపస్ ఇయ్యాలె."

ముగ్గురం నడిచే వెళ్లాం. ఉస్మాన్‌గంజ్‌లో ఆ వేళ అడుగు పెట్టే సందు లేదు. బండ్లు, బస్తాలు, ఎండుమిరప ఘాటు. సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తుమ్ముతూనే నడిచాడు. ఒక కొట్టు ముందు ఆమె నాయిన వీపు మీద బస్తాతో బండి దిగువన ఉన్నాడు. కూతురు పక్కన మమ్మల్ని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. ఇంకేదో ముప్పు వచ్చిందనుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు నాయినా, మంచిదే" అని ఆమె దూరం నుంచే అరిచింది. ఆయన బస్తా దించి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, అలవాటుగా మళ్లీ చేతులు జోడించబోయాడు. సారు గబగబా ముందుకెళ్లి ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. తర్వాత అంత మంది హమాలీల ముందు, ఆ మిరప ఘాటులో, తన రెండు చేతులూ జోడించాడు.

"నీ బిడ్డ తప్పు జెయ్యలే అన్నా. అబద్ధమాడలే. తప్పు నాది."

ఆమె నాయిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలకు తుడుచుకున్నాడు. కూతురి వంక చూశాడు. ఆమె అప్పుడు ఏడ్చింది, అన్ని రోజుల తర్వాత.

"నాకెర్కనే సార్, మా పోరి అబద్ధమాడదని" అన్నాడు ఆయన. "ఎర్క ఉండి గుడ దండం పెట్టిన. ఆమె నౌకరీ కోసం."

సారు తల ఊపాడు. తర్వాత ఆమె నాయిన కొట్టు పక్కనున్న బండి మీద మా ముగ్గురికీ చాయ్ చెప్పి, మేం తాగేదాకా నిలబడి, మళ్లీ బస్తా వీపుకెత్తుకుని పనిలోకి వెళ్లాడు.